పదకొండు జీబీల చోటు

డిస్కు నిండిపోతోందని ఎర్రగీత.
ఇంకా పదకొండు జీబీలు.
తెల్లారితే రికార్డింగుంది.
డాల్ఫిన్స్ నోస్ మీది లైటు
నా కిటికీని తడిమి తడిమి పోతోంది,
పని మొదలెట్టని కూలీని మేస్త్రీ చూసినట్టు.

కొత్త ఫోల్డర్. కొత్త ఫోల్డర్ రెండు.
కొత్త ఫోల్డర్ పద్నాలుగు.
ఫైనల్. అసలు ఫైనల్. ఇదే ఫైనల్ ఒట్టు.
ఒకే కిక్ డ్రమ్ము ఏడు పేర్లతో
ఏడుచోట్ల కాపురం.
ఊరికే వస్తున్నాయని
నాలుగొందల రకాల చప్పట్లు దించుకున్నాను.
వాడినవి రెండు.
ఆ రెండూ ఎక్కడున్నాయో తెలీదు.

కింది వాటా కృపానందం గారు
పోర్టులో ముప్పయ్యేళ్ళు టాలీ గుమాస్తా.
చెవి మీద ఇంకా సుద్దముక్క ఉన్నట్టే
తల ఓ పక్కకి వంచి స్క్రీను చూశారు.
"కనబడని సరుకు లేని సరుకేనయ్యా.
మూట మీద మార్కు వెయ్యి.
ఎక్కడ ఎక్కింది, ఏ రోజు, ఎంత తూకం.
బాగుంది, బాలేదు అని మాత్రం రాయకు,
రేపటికి నీకే గుర్తుండదు."

కేక స్నేర్, పిచ్చెక్కించే బేస్:
ఆ పేర్లన్నీ కొట్టేసి రాశాను.
ఫిషింగ్ హార్బర్, ఐసు మర, మార్చి, తెల్లవారుజాము నాలుగున్నర.
కంచరపాలెం, గూడ్సు బండి, బోగీకీ బోగీకీ మధ్య గొలుసు.
ఇరవై ఎనిమిదో నంబరు బస్సు, కండక్టరు ఉంగరంతో
రాడ్డు మీద రెండు దెబ్బలు.
కురుపాం మార్కెట్, తగరపు డబ్బా షట్టరు, వాన.

అలకి మాత్రం వేగం కట్టలేకపోయింది సాఫ్ట్‌వేరు.
అరవై అంది. నూట పదకొండు అంది.
చివరికి ఓ చిన్న గీత పెట్టి ఊరుకుంది.
ఆ గడి అలాగే వదిలేశాను.

ఐసు మర వెనకాల ఎవడో కుర్రాడి గొంతు:
"ఏటన్నా, సప్పుడు కొనుక్కెల్తన్నావేటి?"
స్నేర్‌గా వాడాలంటే ఆ మాట అడ్డం.
కత్తిరించాను.
కత్తిరించిన ముక్కకీ పేరు పెట్టి ఉంచాను.
రెండు సెకన్లు. ఎంత చోటు తింటాడు వాడు?

ఇక నకళ్ళు.
నాలుగొందల పన్నెండు. ఒక్క బటన్‌తో పోతాయి.
వేలు మౌస్ మీదే ఉండిపోయింది.

హుద్‌హుద్ నాడు అద్దాలు పగిలి
వాన సరాసరి టేబుల్ మీదికే వచ్చింది.
అప్పటి డిస్కుని ఎండలో పెట్టాను, బియ్యంలో పెట్టాను.
కీచుమని ఆగిపోయింది.
అందులో చోడవరం సూరప్పడు
రొమ్ముకి కట్టుకున్న తప్పెట,
ముప్పై రెండు నిమిషాలు, కాళ్ళ గజ్జెలతో సహా.
మరుసటేడు మళ్ళీ వెళ్దామనుకునేసరికి ఆయన లేడు.
ఇవాళ నా దగ్గరున్నది
ఫోనుకి రింగుటోను కావాలని బర్నబాసు
పిండి పిప్పి చేసి పట్టుకెళ్ళిన ఇరవై సెకన్లు.
పై స్వరాలు లేవు.
గజ్జెలు ఇసక జారినట్టు వినిపిస్తాయి.
వాడు అడగకపోతే అదీ లేదు.
"పాడుచేశావు కదరా" అని
ఆ రోజు వాణ్ణి తిట్టాను కూడా.

అయినా బటన్ నొక్కాను.
ఆ ఇరవై సెకన్లని మాత్రం
నాలుగు చోట్ల నాలుగుసార్లు ఉండనిచ్చాను.

పొద్దున్న ద్వారకానగర్‌లో రెండు డిస్కులు కొన్నాను.
ఉప్పుగాలికి పాతదాని మూతి అప్పుడే పచ్చబడింది.
ఒకటి బర్నబాసుకి. వాడిల్లూ సముద్రానికి దగ్గరే,
అందుకని రెండోది పాడేరు, పిన్ని బీరువాలోకి.
"ఏముందిరా అందులో?"
"చప్పుళ్ళు."
"తిండి పెట్టక్కర్లేదు కదా?"

బస్సుకి వేసేముందు
కృపానందం గారు దాన్ని అడిగి పుచ్చుకున్నారు.
వంటింటి త్రాసులో పెట్టారు, కళ్ళజోడు సర్దుకున్నారు.
నల్లటి వీపు మీద సుద్దతో తేదీ, ఊరు,
కింద గీత గీసి తూకం:
నూట డెబ్బై గ్రాములు.